పాపతో పాటు మీరూ వయొలిన్ పట్టుకోండి

(కొత్తగా చేరబోయే పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక వయొలిన్ టీచర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు, సంతోషం. వాళ్లు కాసేపు అటూ ఇటూ తిరిగినా వదిలేయండి. ఈ మాటలు వాళ్ల కోసం కాదు, మీ కోసం.

నేరుగా విషయానికొస్తాను. మీరంతా పిల్లల్ని వయొలిన్‌లో చేర్పిద్దామని వచ్చారు. నేననేది ఏమిటంటే, ఐదారేళ్ల పిల్లలైతే వాళ్లకంటే ముందు మీరు చేరాలి. అమ్మ గానీ నాన్న గానీ, ఎవరో ఒకరు. ఫీజు కట్టి, క్లాసు దగ్గర దింపి, గంట తర్వాత వచ్చి తీసుకెళ్లడం గురించి కాదు నేను మాట్లాడేది. క్లాసులో పక్కన కూర్చోవాలి, వయొలిన్ మీ చేత్తో పట్టుకోవాలి, ఇంట్లో రోజూ సాధనలో తోడుండాలి. మొదటి ఏడాది ఇది కుదరదనిపిస్తే రెండు మూడేళ్లు ఆగండి, మునిగిపోయేదేమీ లేదు. తొమ్మిదేళ్లకు మొదలుపెట్టి చక్కగా వాయించే పిల్లలు ఉన్నారు. నాలుగేళ్లకే మొదలుపెట్టి, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేక, ఆరేళ్లు వచ్చేసరికి వయొలిన్ పెట్టె కనిపిస్తే మొహం తిప్పుకునే పిల్లల్నీ చూశాను. నాకు బాధ కలిగించేది ఈ రెండో రకం. ఆ పిల్లల్లో లోటేమీ ఉండదు.

నా దగ్గర పాప ఉండేది వారానికి అరగంట. మిగతా ఆరు రోజులూ మీ దగ్గరే. క్లాసులో నేను "బొటనవేలు వంచు, భుజం దించు" అంటాను. వంచుతుంది, దించుతుంది. మర్నాటికి ఐదేళ్ల పిల్లకి ఆ మాట గుర్తుండదు, ఉండాలనుకోవడం కూడా అన్యాయం. బొటనవేలు బిగబట్టి ఆరు రోజులు వాయిస్తుంది. చేతికి అదే అలవాటైపోతుంది. తర్వాతి క్లాసులో కొత్త పాఠం చెప్పడానికి బదులు ఆ అలవాటు పోగొట్టడానికి కూర్చుంటాం. రెండు నెలలు ఇలా జరిగితే పిల్లకి విసుగు, మీకు అనుమానం, నాకు టెన్షన్.

చాలా వాద్యాలకు లేని బెడద ఒకటి వయొలిన్‌కి ఉంది. పియానో మీద ఎవరు నొక్కినా మీట తన స్వరం తాను పలుకుతుంది. గిటార్‌కి, వీణకి మెట్లు ఉంటాయి, వేలు మెట్టు దగ్గర పడితే చాలు. వయొలిన్‌కి మెట్లు లేవు. పెద్దవాళ్ల వయొలిన్‌లో మోగే తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. తీగ మొదట్లో ఒక స్వరానికీ దాని పక్క స్వరస్థానానికీ మధ్య దూరం 18 మిల్లీమీటర్లు. వేలు అక్కడినుంచి రెండు మిల్లీమీటర్లు తప్పిందంటే చెవికి తెలిసిపోతుంది. పిల్లల చిన్న వయొలిన్ మీద ఆ దూరాలు ఇంకా తగ్గుతాయి, తప్పు ఇంకా తొందరగా బయటపడుతుంది. దీనికి తోడు కుడి చేతిలో కమాను. దాన్ని ఎంత వేగంగా లాగాలి, ఎంత బరువు వేయాలి, తీగ మీద ఎక్కడ ఆనించాలి, ఈ మూడూ కుదిరితేనే నాదం. బరువు ఎక్కువై వేగం తగ్గితే గీసుకుపోతుంది. బరువు చాలక బ్రిడ్జి దగ్గరికి, అంటే తీగల్ని ఎత్తి నిలబెట్టే చిన్న చెక్క దగ్గరికి, జరిగితే ఈల వేస్తుంది. కాబట్టి మొదటి కొన్ని నెలలు మీ ఇంట్లో వినిపించేది చెవికి ఇంపుగా ఉండదు. అది పిల్ల తప్పు కాదు, వాద్యం స్వభావమే అంత. ఆ మాట ఇంట్లో తాతయ్యలకీ, అమ్మమ్మలకీ, అన్నయ్యలకీ ముందే చెప్పి ఉంచండి. "అబ్బ, ఆపవే" అని ఒక్కరు ఒక్కసారి అన్నా ఆ పిల్ల చాలా రోజులు గుర్తుపెట్టుకుంటుంది.

తల్లిదండ్రుల్ని పాఠంలో కూర్చోబెట్టడం నేను కనిపెట్టినదేమీ కాదు. జపాన్‌లో షినిచి సుజుకి అనే ఆయన ఉండేవారు. 1898లో పుట్టారు, 1998లో పోయారు. వాళ్ల నాన్నగారిది వయొలిన్ల ఫ్యాక్టరీ. జపాన్ పిల్లలందరూ జపనీస్ భాష ఇట్టే మాట్లాడేస్తున్నారు, మరి అదే దారిలో సంగీతం ఎందుకు రాకూడదు అని ఆయన ఆలోచన. మాటలెలా వస్తాయి? పుట్టినప్పటినుంచీ వింటారు, అమ్మానాన్నలు అన్నదాన్ని తిరిగి అంటారు, ఒకే మాట వందసార్లు అంటారు, చదవడం ఆ తర్వాతెప్పుడో వస్తుంది. ఆయన వయొలిన్ కూడా ఆ వరసలోనే నేర్పించారు. ముందు అమ్మ వయొలిన్ పట్టుకుని కాస్త వాయించడం నేర్చుకుంటుంది, పిల్ల చూస్తూ ఉంటుంది. చూసి చూసి "నాకూ కావాలి" అంటుంది. అప్పుడు చేతికిస్తారు. ఆయన పద్ధతి మొత్తం మీరు పాటించాలని నేననను. పిల్లలు స్వరలిపి చదవడం మరీ ఆలస్యమవుతుందని ఆ పద్ధతి మీద కొందరు టీచర్లకు అభ్యంతరం కూడా ఉంది. కానీ ఆ మొదటి అడుగు ఉందే, పిల్లకంటే ముందు పెద్దవాళ్లు పట్టుకోవడం, దానికి మించిన ఉపాయం నాకు తెలియదు.

ఎందుకో మాటల్లో చెప్పడం కంటే చేయించి చూపిస్తాను. అందరి దగ్గరా పెన్సిల్ గానీ పెన్ను గానీ ఉందా? తీసుకోండి. కుడి చెయ్యి గాలిలో వదులుగా వేలాడదీయండి, మణికట్టు దగ్గర మెత్తగా. ఇప్పుడు పెన్సిల్ అడ్డంగా పట్టుకోండి. బొటనవేలు వంగి ఉండాలి, దాని కొస మధ్యవేలికి ఎదురుగా తగలాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు పెన్సిల్ మీదుగా అవతలికి వాలాలి. చూపుడు వేలు పక్కగా ఆనాలి, చుట్టేయకూడదు. చిటికెన వేలు వంగి, కొస మాత్రం పెన్సిల్ పైన నిలబడాలి. వచ్చిందా? ఇప్పుడు అలాగే ఒక నిమిషం ఉంచండి.

(నవ్వులు.)

చూశారా, అప్పుడే చిటికెన వేలు చాపుకుపోయింది కొందరిది. బొటనవేలు బిర్రబిగుసుకుంది ఆ వెనకాల అమ్మగారిది. మీ వేళ్లు పెద్దవి, కండ ఉంది, నేను చెప్పిన ప్రతి మాటా మీకు అర్థమైంది. అయినా నిమిషం గడవలేదు. ఐదేళ్ల పిల్ల ఇదే పట్టు పట్టుకుని, దాన్ని తీగ మీద తిన్నగా లాగుతూ, ఎడమ చేత్తో స్వరం వెతకాలి. ఒక్క నెల మీరిది చేశారంటే "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, వేలు వంచమని" అనే మాట మీ నోట్లోంచి రాదు. అంతకు మించి, మీరు తడబడడం పిల్ల చూడాలి. పెద్దవాళ్లకు కూడా ఒక పని కష్టమవుతుందనీ, మళ్లీ మళ్లీ చేస్తే కుదురుతుందనీ కళ్లారా చూసిన పిల్ల తన తప్పుకు బెదిరిపోదు.

కమాను పట్టు గురించి ఇంత చెప్పాను గానీ, మొదటి వారాల్లో కమాను ఇవ్వను, పెన్సిలే. వయొలిన్ కూడా ఇవ్వకపోవచ్చు. అట్టపెట్టెకి స్కేలు అతికించి ఇస్తాను, దాన్నే భుజం మీద పెట్టుకుని నిలబడడం నేర్చుకుంటారు. "డబ్బు కట్టింది అట్టపెట్టె కోసమా" అనుకోకండి. కింద పడినా ఫరవాలేని వస్తువుతో నిలబడడం వచ్చాక అసలుది చేతికొస్తే పిల్ల భయంతో బిగుసుకోదు.

ఇక సైజు. పిల్లల వయొలిన్లు 1/16, 1/8, 1/4, 1/2, 3/4 అని ఉంటాయి, ఆ పైన పూర్తి సైజు. ఈ అంకెలు చూసి కంగారు పడొద్దు, 1/2 అంటే పొడవులో సగం అని కాదు. పూర్తి సైజు వయొలిన్‌లో మెడ వదిలేసి మిగిలిన డొల్ల భాగం పొడవు 35 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటే 1/2 సైజుది దాదాపు 31 ఉంటుంది. వయసును బట్టి కాక చేతి పొడవును బట్టి ఎంచుకోవాలి. వయొలిన్ భుజం మీద పెట్టి, ఎడమ చెయ్యి చాపి, తలభాగాన్ని అరచేతిలోకి తీసుకోమనండి. మోచెయ్యి కాస్త వంగి ఉండగానే అందాలి. చెయ్యి పూర్తిగా తిన్నగా చాపితే తప్ప అందడం లేదంటే అది పెద్దది. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే చిన్నదే తీసుకోండి.

నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట, "ఎలాగూ పెరుగుతాడు కదండీ, ఒక సైజు పెద్దది కొనేస్తాం." దయచేసి వద్దు. పెద్ద వయొలిన్ పట్టుకున్న పిల్లాడు భుజం పైకి లేపుతాడు, మణికట్టు లోపలికి కూలిపోతుంది, నాలుగో వేలు, అంటే చిటికెన వేలు, అందదు. ఏడాది తర్వాత ఒళ్లు ఆ సైజుకి పెరుగుతుంది గానీ వంకర మాత్రం అలాగే ఉండిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో సైజు మారుతూనే ఉంటుంది కాబట్టి అద్దెకు దొరికితే అద్దెకే తీసుకోండి. కొంటే బొమ్మలాంటిది కొనొద్దు. తీగలు బిగించే బిరడాలు నిలవవు, క్షణక్షణానికీ శ్రుతి దిగిపోతుంది. బ్రిడ్జి ఎత్తుగా ఉండి తీగలు పైకి లేచి ఉంటాయి, నొక్కలేక పిల్లల వేళ్లు నొప్పెడతాయి. అప్పుడు మనమంతా కలిసి పిల్లకు శ్రద్ధ లేదంటాం.

శ్రుతి చేయడం మీ పని. ఎనిమిదేళ్ల లోపు పిల్లల చేత బిరడా తిప్పించకండి. తిప్పేటప్పుడు లోపలికి కాస్త నొక్కుతూ తిప్పాలి, కింది శ్రుతి నుంచి పైకి మెల్లగా రావాలి. బ్రిడ్జిని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడి వల్లే నిలబడి ఉంటుంది. తీగలు బిగించేకొద్దీ ముందుకు వాలుతుంది, రోజూ ఒకసారి చూసుకోండి. కమాను వెంట్రుకలు చేత్తో ముట్టుకోకూడదు, వాయించడం అయ్యాక స్క్రూ వదులు చేసి పెట్టాలి, కమానుకు రాసే రోజిన్ పొడి తీగల మీద రాలితే దాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇవన్నీ క్లాసులో చూపిస్తాను, ఇప్పుడు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అక్కడ చెయ్యెత్తిన నాన్నగారు, అడగండి.

(సభలో ఒకరు: "మేడం, నాకు సరిగమలు కూడా రావు. మా వాడు తప్పు వాయిస్తే నాకెలా తెలుస్తుంది?")

మంచి ప్రశ్న. దీనికి వయొలినే జవాబు చెబుతుంది. కర్ణాటక పద్ధతిలో తీగల్ని స, ప, స, ప అని శ్రుతి చేస్తాం. మంద్ర పంచమం తీగ, అంటే కింది ప తీగ మీద పైకి వెళ్తూ స దగ్గర వేలు పెట్టి మీ వాడు కమాను లాగాడనుకోండి. వేలు సరిగ్గా పడితే పక్కన ఎవరూ ముట్టుకోని పై స తీగ దానంతటదే వణుకుతుంది. వెలుతురు పక్కనుంచి పడేట్టు కూర్చుంటే ఆ తీగ సన్నటి గీతలా కాకుండా మసగ్గా, కాస్త లావుగా కనిపిస్తుంది. వేలు ఒక్క వెంట్రుకవాసి జరిగినా ఆ వణుకు ఆగిపోతుంది. కంటికి ఆనడం లేదంటే చిన్న కాగితం ముక్క మడిచి ఆ ఖాళీ తీగ మీద గుర్రమెక్కించినట్టు పెట్టండి. స్వరం కుదిరితే కాగితం గంతులేస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకునేవాళ్లకి 'ఎ' (A) అనే తీగ మీద మూడో వేలు, అంటే ఉంగరపు వేలు, పెడితే 'డి' (D) స్వరం, దానికి పక్కనున్న ఖాళీ డి తీగ పలుకుతుంది. అయితే అక్కడ వేలు కింద స్వరం ఒక స్థాయి పైన ఉంటుంది కాబట్టి డి తీగ రెండు భాగాలుగా ఊగుతుంది, సరిగ్గా నడిమధ్యన కదలిక ఉండదు. కాగితాన్ని మధ్యలో పెట్టకుండా బిరడాల వైపు పావు వంతు దగ్గర పెట్టాలి.

ఒకసారి ఇంట్లో చేసి చూడండి. మీకు సంగీతం రానక్కర్లేదు, మీ వాడికి మీరు తప్పు చెప్పనూ అక్కర్లేదు. "తీగ ఊగిందా?" అని అడిగితే చాలు. వాడే వేలు జరుపుకుని వెతుక్కుంటాడు. కొన్నాళ్లకు కాగితం అవసరం పోతుంది, ఎందుకంటే స్వరం కుదిరినప్పుడు వయొలిన్ మొత్తం నిండుగా మోగుతుంది, తప్పినప్పుడు బొంగురుగా ఉంటుంది, ఆ తేడా చెవికి పట్టేస్తుంది. సంగీతం రాని తల్లిదండ్రులతో నాకు ఇంకో సుఖం ఉంది, చెప్పనా? వాళ్లు ఇంట్లో రెండో టీచర్ కారు. క్లాసులో నేనొకటి చెప్పి, ఇంట్లో మీరొకటి చెబితే పిల్ల ఇద్దరి మాటా వినడం మానేస్తుంది.

కాబట్టి క్లాసులో మీ పని రాసుకోవడం. పెద్ద వ్యాసం కాదు. ప్రతి క్లాసు చివర నేను ఒక్క విషయం చెబుతాను: ఈ వారం బొటనవేలు. లేదా, ఈ వారం కమాను బ్రిడ్జికి సమాంతరంగా. ఇంట్లో ఆ ఒక్కటే చూడండి. భుజం వంకరగా ఉన్నా, స్వరం తప్పినా, ఆ వారం నోరు మెదపకండి. చాలామందికి ఇదే కష్టం. ఐదు తప్పులు కనిపిస్తుంటే ఒక్కటే చెప్పి ఊరుకోవడానికి నిగ్రహం కావాలి. కానీ ఐదూ ఒకేసారి చెప్పించుకున్న పిల్ల ఒక్కటి కూడా దిద్దుకోలేదు.

మెచ్చుకునేటప్పుడు కూడా ఆ ఒక్కదాన్నే మెచ్చుకోండి. "సూపర్, చాలా బాగా వాయించావు" అంటే పిల్లలకు తెలుసు అది నిజం కాదని. వాళ్లకూ చెవులున్నాయి. "ఈ వరస అయ్యేదాకా బొటనవేలు వంగే ఉంది" అనండి. అది నిజం, పైగా మీరు కళ్లప్పగించి చూశారని వాళ్లకు తెలుస్తుంది.

ఎంతసేపు వాయించాలి అంటారు. ఐదేళ్లవాళ్లకి పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టి వారం బాకీ తీర్చుకుందామంటే కుదరదు. రోజూ ఒకే వేళకు ఉంటే బేరాలు తగ్గుతాయి. వయొలిన్‌ని పెట్టెలో మూసి అటక మీద పెట్టకండి, పిల్ల కంటికి కనబడేచోట, చిన్న తమ్ముళ్లకు అందనిచోట ఉంచండి. ఇంకొకటి, మన పెద్దలందరికీ అలవాటైన ఆజ్ఞ ఒకటుంది: "తప్పు వచ్చింది, మొదటి నుంచి వాయించు." మొదటి నుంచి వాయిస్తే ఏమవుతుంది? వచ్చిన మొదటి వరస ఇరవైసార్లు వాయిస్తుంది, రాని చోటు ఒక్కొక్కసారే తగులుతుంది, ప్రతిసారీ అక్కడే తడబడుతుంది. అలా తడబాటునే కంఠస్థం చేసేస్తుంది. తప్పిన చోట ఆపి, ఆ రెండు స్వరాలు మాత్రం తీసుకుని నెమ్మదిగా నాలుగైదుసార్లు వాయించనివ్వండి. తర్వాత ముందున్న ఒక స్వరం కలపండి, ఆ తర్వాత వెనకది. అవి కుదిరాక పాఠంలో కలిపేయండి.

నేర్చుకునే పాఠాల రికార్డింగ్ ఇస్తాను. దాన్ని రోజూ ఇంట్లో వినిపిస్తూ ఉండండి, కూర్చోబెట్టి వినమనకండి. ఆటల మధ్య, అన్నం తినేటప్పుడు, వెనక మెల్లగా మోగుతూ ఉండాలి. కొన్ని వారాలకు పిల్ల తనకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంది. ఆ రాగం లోపల ఉంటేనే వేళ్లకు ఏం వెతకాలో తెలుస్తుంది.

(సభలో ఒకరు: "వేలు పడాల్సిన చోట స్టిక్కర్లు అంటించమంటారా?")

మొదట్లో ఒకటి రెండు సన్నటి టేపులు నేనే అంటిస్తాను. చెయ్యి ఒక చోట కుదురుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ పిల్లలు వాటినే చూస్తూ తల వాల్చేస్తారు, చెవి పని కంటికి అప్పజెబుతారు. అందుకే కొన్ని నెలల్లో నేనే తీసేస్తాను. మీరు ఇంట్లో రంగురంగుల స్టిక్కర్లు అదనంగా అంటించొద్దు.

(సభలో ఒకరు: "మా పాప నాతో కూర్చుంటే ఏడుపే. వాళ్ల నాన్నతో అయితే బాగానే వాయిస్తుంది.")

అయితే నాన్ననే కూర్చోనివ్వండమ్మా. ఇందులో మీరు చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. పిల్ల "వద్దు" అన్నప్పుడు ముందు చూడాల్సింది ఆకలో, నిద్రో. అది కాకపోతే పాఠం బరువైందేమో చూడాలి, అప్పుడు నాకు చెప్పండి, తగ్గిస్తాను. అదీ కాకపోతే పక్కన కూర్చున్నవాళ్ల గొంతు. మూడోదే ఎక్కువ. మనకు తెలియకుండానే గొంతు లేస్తుంది. అలాంటి రోజు పాత పాఠం ఒకటి, తనకు బాగా వచ్చింది, హాయిగా వాయించి పెట్టెలో పెట్టేయనివ్వండి. అల్లరి చేసినందుకు శిక్షగా మాత్రం "ఇంకో పది నిమిషాలు వాయించు" అనకండి. మానేస్తానని ఏడ్చిన రోజున మానిపించడం, మానిపించనని పంతం పట్టడం, రెండూ వద్దు. ఆ పాఠం పూర్తయ్యాక, మనసు బాగున్న రోజున కూర్చుని మాట్లాడండి. అప్పుడు కూడా వద్దంటే ఆ మాటకు విలువివ్వాలి.

ఇక ఎప్పుడు పక్కకు తప్పుకోవాలన్నది. పక్కన కూర్చోవడం ఎంత అవసరమో, సమయానికి లేవడం అంతే అవసరం. ఆరేడేళ్ల దాకా పక్కనే. ఎనిమిది తొమ్మిదేళ్లకు అదే గదిలో ఉండండి గానీ మీ పని మీరు చేసుకోండి, నోట్సు పిల్లే చదివి "ఈ వారం ఇది" అని మీకు చెప్పాలి. పదేళ్లు దాటాక మొదట్లో ఒక్క మాట అడిగి బయటికి రండి. పన్నెండు పదమూడుకి వాళ్లు పిలిస్తే వినడమే. నాకు తెలిసిన మంచి తల్లిదండ్రుల్లో కొందరు ఇక్కడే ఇబ్బంది పడ్డారు, పన్నెండేళ్ల పిల్లాడి ప్రతి స్వరానికీ తల ఊపుతూ పక్కనే ఉండిపోయారు. పిల్లాడు తన చెవితో తాను వినడం మొదలుపెట్టాలంటే ఎదురుగా మీ మొహం ఉండకూడదు.

ఇప్పుడు కొలతలు తీసుకుందాం. టేపు ఇక్కడే ఉంది, మూడు సైజుల వయొలిన్లు బల్ల మీద పెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే రండమ్మా, ఎడమ చెయ్యి చాపాలి. పెద్దవాళ్లు పెన్సిళ్లు లోపల పెట్టుకోకండి, వరసలో నిలబడ్డంతసేపూ ఆ పట్టు చూసుకుంటూ ఉండండి. నేను వచ్చి ఒక్కొక్కరి బొటనవేలు చూస్తాను.